విదేశపు యంత్రము – స్వదేశపు విద్యుత్తు

మన పాఠశాలలో చదువుకొను పిల్లల తల్లిదండ్రులలో చిన్న కార్ఖానాల యజమానులు పలువురు గలరు. పీణ్య పారిశ్రామిక వాడలో లేతులు, మిల్లింగు యంత్రములు నడుపువారు కొందరు. బేకరీలు పెట్టినవారు కొందరు. అచ్చుపని చేయువారు కొందరు. ఏటేట వార్షికోత్సవపు సందడిలో వీరిలో ఎవరో ఒకరు నన్నొక ప్రక్కకు పిలిచి, "అమెరికా నుండి యంత్రమొకటి తెప్పించుచున్నామండీ. దానిమీద 220 వోల్టులు, త్రీ ఫేజు అని ఉన్నదట. మన కరెంటుకు ఒక ట్రాన్స్‌ఫార్మరు పెడితే సరిపోతుంది కదా?" అని అడుగుచుందురు. నిలుచున్నచోట ఇచ్చు సమాధానము సగము సమాధానమే యగును. అట్టి సగము సమాధానము వలన ఒక కుటుంబము ఎట్లు నష్టపడినదో నేను కన్నులార చూచితిని. ఆ నష్టములో నా వంతు కూడ కలదు. అందుచేత ఈ సంచికలో ఆ విషయమును ఆమూలాగ్రముగ వ్రాయ బూనితిని. ఇందులోని లెక్కలు ఏడవ తరగతి పిల్లలు చేయగలిగినవే. పిల్లలచేత చేయించి చూచుకొనుడని నా మనవి.

ముందుగా త్రీ ఫేజు అనగా నేమో చూతము. పెండ్లి యింట పసుపు దంచుట మనకందరకును తెలిసినదే. ఒకే రోటిచుట్టు ముగ్గురు స్త్రీలు నిలిచి, ఒకరి రోకలి దిగునప్పటికి మరియొకరి రోకలి లేచుచుండగా, వరుస తప్పక దంచుచుందురు. రోటికి విరామ మనునది యుండదు. మూడు తీగలలో వచ్చు విద్యుత్తు ఇట్టిదే. ఒక్కొక్క తీగలోని పోటు దాని ముందరి తీగలోని పోటుకంటె ఒక ఆవృత్తిలో మూడవ వంతు కాలము ఆలసించి వచ్చును. మూడును కలిసినపుడు మోటారులోపల ఎడతెగక తిరుగు అయస్కాంత బలము పుట్టును. ముగ్గురు స్త్రీలలో ఏ యిద్దరు తమ వంతులను మార్చుకొనినను దంపు ఎదురు దిశగా సాగును. అటులనే మూడు తీగలలో ఏ రెండింటిని తారుమారు చేసి బిగించినను మోటారు వెనుకకు తిరుగును. లేతు వెనుకకు తిరిగిన వెంటనే కంటికి తెలియును. హైడ్రాలిక్ పంపు వెనుకకు తిరిగినచో వెంటనే తెలియదు. చమురు అందక లోపలి భాగములు ఒరసికొని పాడగును. కావున క్రొత్త యంత్రమునకు కరెంటు ఇచ్చుటకు ముందు ఫేజుల వరుసను మీటరుతో చూచుకొనుట తప్పనిసరి.

ఇక యంత్రమునకు బిగించిన లోహపు పలక సంగతి. దీనినే నేమ్ ప్లేటు అందురు. దానిపై ముఖ్యముగా చూడవలసినవి మూడు: ఫేజు లెన్ని, వోల్టు లెన్ని, హెర్ట్జు లెన్ని. కొనువారందరు మొదటి రెండింటిని చూతురు. మూడవ దానిని చదివినను చదువనట్లే విడిచెదరు. విద్యుత్ప్రవాహము సెకనుకు ఎన్ని పర్యాయములు అటు నిటు ఊగి మరల మొదటి స్థితికి వచ్చునో ఆ సంఖ్యకే పౌనఃపున్య మని పేరు. పాత పనివారు సైకిల్సు అందురు. నేటి పుస్తకములలో హెర్ట్జు అని వ్రాయుదురు. మన దేశమున కార్ఖానాలకు వచ్చు విద్యుత్తు ఫేజుకు ఫేజుకు నడుమ 400 వోల్టులు, ఫేజుకు న్యూట్రలుకు నడుమ 230 వోల్టులు, 50 హెర్ట్జు. పాత లెక్క 415, 240 వోల్టులు. పనివారు నేటికిని 415 అనియే పలుకుదురు, మీటరు కూడ తరచుగా వారి పక్షముననే సాక్ష్య మిచ్చును. అమెరికాలో 208, 240, 480 వోల్టులు వాడుకలో గలవు. అచట 60 హెర్ట్జు. కెనడాలో 600 వోల్టుల యంత్రములును కలవు. జపానులో 200 వోల్టులు. ఆ దేశపు హెర్ట్జుల కథ విచిత్రమైనది, ముందు చెప్పెదను.

ట్రాన్స్‌ఫార్మరు వోల్టులను మార్చును. హెర్ట్జులను మార్చదు. ఈ రెండు చిన్న వాక్యములలోనే విషయమంతయు ఇమిడి యున్నది గాని, రెండవ వాక్యము ఎందుకంత ముఖ్యమో తెలియుటకు మోటారులోని ఇనుమును గూర్చి కొంత తెలిసికొనవలయును.

మోటారులోని ఇనుమును ఒక కుండ యనుకొందము. అందులో పట్టు నీరు అయస్కాంత శక్తి. ధార యొక్క ఉరవడి వోల్టేజి. ధార పడు వ్యవధి సగము ఆవృత్తి. అంత కాలము నీరు నిండును, తరువాత దిశ మారి ఒలికి, ఎదురు దిశలో మరల నిండును. 60 హెర్ట్జులలో ఆ వ్యవధి సెకనులో 120వ వంతు. 50 హెర్ట్జులలో 100వ వంతు. అనగా మన దేశపు విద్యుత్తులో ధార ప్రతి పర్యాయము అయిదవ వంతు అధిక కాలము పడును. ధార ఉరవడి మాత్రము మార్చక అదే 220 వోల్టులుగ ఉంచితిమేని, 60 హెర్ట్జులకు చాలునట్లు చేసిన కుండ పొంగి పొరలును. ఇనుము నిండిన పిదప అయస్కాంత శక్తి పెరుగుట మాని, చుట్టలలో ప్రవాహము మాత్రము మితిమీరి పెరుగును. ఆ ప్రవాహము ఏ పనియు చేయదు. రాగి తీగను, ఇనుమును కాల్చుటయే దాని పని. దీనికి మందు సులభము: ధార పడు కాలము 5 నుండి 6 పాళ్ళకు పెరిగినది గనుక ఉరవడిని 6 నుండి 5 పాళ్ళకు తగ్గింపవలెను. 220ని 60 చేత భాగించి 50 చేత హెచ్చింపుడు. 183 వోల్టులు వచ్చును. 220 వోల్టులు, 60 హెర్ట్జు అని వ్రాసిన మోటారు మన 50 హెర్ట్జులలో కోరునది 220 కాదు, సుమారు 183 వోల్టులే.

ఈ కుండ లెక్క తెలిసినచో మన బెంగుళూరు విద్యుత్తు చరిత్ర కూడ చక్కగ బోధపడును. ఈ నగరమునకు త్రీ ఫేజు విద్యుత్తే ఒక విదేశపు సరకుగా వచ్చినది. మైసూరు దివాను శేషాద్రి అయ్యరు కాలమున కావేరి నదిపై శివసముద్రము జలపాతముకడ విద్యుత్కేంద్రమును నిర్మింప సంకల్పించిరి. ఇంజనీరు కెప్టెన్ జోలీ డి లోట్బినియేర్ ఆ పనికై పాశ్చాత్య దేశములకు పోయి వచ్చెను. విద్యుద్యంత్రములు అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీనుండియు, నీటి చక్రములు స్విట్జర్లాండులోని ఎషర్ విస్ కంపెనీనుండియు వచ్చినవి. 1902లో ఆ విద్యుత్తు 30,000 వోల్టులకు తక్కువ గాని వోల్టేజితో 92 మైళ్ళు పయనించి కోలారు బంగారు గనులకు చేరినది. తెలుగు మాట ఇంటింట వినవచ్చు ఆ సీమలో, అదివరకు ఆవిరితో నడచిన యంత్రములకు బదులు విద్యుత్తు యంత్రములు తిరుగసాగినవి. బెంగుళూరు వీధులలో దీపములు వెలిగినది ఆ తరువాత మూడేండ్లకు, 1905 ఆగస్టు 5వ తేదీన. గనులకు పిదపనే నగరమునకు వెలుగు వచ్చిన దనుట మనము మరువరాదు.

ఆ విద్యుత్తు సెకనుకు 25 ఆవృత్తులది. అమెరికాలో 1895లో నయాగరా జలపాతముకడ నెలకొల్పిన కేంద్రము 25 ఆవృత్తులదే. మెల్లగ తిరుగు పెద్ద యంత్రములకు అది అనుకూలమని నాటి ఇంజనీర్ల తలంపు. కాని దీపములకు అది మంచిది కాదు. 25 ఆవృత్తులలో దీపపు అదరుపాటు కంటికి తగులును. మన కుండ లెక్క ప్రకారము 25 ఆవృత్తులలో ధార పడు కాలము 50 ఆవృత్తులకంటె రెట్టింపు గనుక, అదే వోల్టేజికి ఇనుము కూడ ఇంచుమించు రెట్టింపు కావలెను. అందుచేతనే 25 ఆవృత్తుల ట్రాన్స్‌ఫార్మరులు అంత బరువు.

1948లో జోగు జలపాతముకడ క్రొత్త కేంద్రము పని ప్రారంభించినది. అది 50 ఆవృత్తులది. ఒకే రాజ్యమున రెండు విధముల విద్యుత్తు! ఈ రెండింటిని తీగతో తీగ కలిపి ముడివేయుట యెవరి తరమును గాదు. ఒకరు సెకనుకు 25 పోట్లు వేయుచుండగా మరియొకరు 50 పోట్లు వేసిన రోలు ఏమగును? ఇట్టి రెండు వ్యవస్థల నడుమ విద్యుత్తును ఇచ్చిపుచ్చుకొనుటకు ఆ కాలమున తెలిసిన మార్గము ఒకే ఇరుసుపై ఒక మోటారును ఒక జనరేటరును బిగించుట. 25 ఆవృత్తుల మోటారునకు నాలుగు ధ్రువములున్నచో అది నిమిషమునకు 750 చుట్లు తిరుగును. దానికి జోడించిన జనరేటరునకు ఎనిమిది ధ్రువములున్నచో అదే 750 చుట్లకు 50 ఆవృత్తులు పుట్టును. విద్యుత్తు ఇనుప ఇరుసుగా మారి మరల విద్యుత్తగు నన్నమాట. శివసముద్రము కేంద్రము నేటికిని పనిచేయుచున్నది, అయితే 50 హెర్ట్జులలో. 2013 డిసెంబరు 31న రాయచూరు నుండి షోలాపురమునకు వేసిన లైను ద్వారా దక్షిణదేశపు విద్యుత్తు తక్కిన దేశపు విద్యుత్తుతో కలిసినది మొదలు కాశ్మీరము నుండి కన్యాకుమారి వరకు రోకళ్ళన్నియు ఒకే లయలో పడుచున్నవి.

మన నగరములోనే మరియొక విద్యుత్తు గలదు. 1940లో స్థాపింపబడిన హిందుస్థాన్ విమాన కర్మాగారములో పనిచేయు తల్లిదండ్రులకు ఇది తెలిసియే యుండును. విమానములలోని విద్యుత్తు 115, 200 వోల్టులు, త్రీ ఫేజు, 400 హెర్ట్జు. ధార పడు కాలము ఎనిమిదవ వంతు గనుక కుండ కూడ అంత చిన్నది చాలును. ఎగురు యంత్రములో ఇనుము బరువు తగ్గుటకంటె కావలసిన దేమున్నది? నేలపై నిలిచిన విమానమునకు మన 50 హెర్ట్జులను 400గా మార్చి యిచ్చు సాధనములు వేరుగ నుండవలసినదే.

ఇప్పుడు నా తప్పిదము చెప్పెదను. సుమారు ముప్పది యేండ్ల క్రిందట నాకు పరిచయస్థుడైన ఒక తండ్రి అమెరికాలో మూతపడిన కార్ఖానానుండి పాత లేతు నొకదానిని కొనెను. ఇంటి నగలు తాకట్టుపెట్టి, మిగిలినది బంధువుల కడ చేబదులు తెచ్చి కొన్న యంత్ర మది. చెన్నపట్టణపు రేవులో దిగి లారీలో వచ్చినది. దాని మోటారు 5 అశ్వబలము, 220 వోల్టులు, త్రీ ఫేజు, 60 హెర్ట్జు. ఆయన నన్ను సలహా అడిగెను. నేను 415 నుండి 220 వోల్టులకు దింపు ట్రాన్స్‌ఫార్మరును లెక్కకట్టి చేయించితిని. బిగించిన దినమున వోల్టుమీటరు సరిగ 220 చూపినది. ఇంటివారు కొబ్బరికాయ కొట్టిరి. మీట నొక్కగానే యంత్రము తిరిగినది, చుట్టునున్నవారు సంతోషించిరి, నాకు లోలోపల గర్వము కూడ కలిగినది.

మోటారు కొంచెము బిగ్గరగా మ్రోగుచుండెను. పాత యంత్రము గనుక అట్లున్న దనుకొంటిని. క్లాంపు మీటరు నా సంచిలోనే యున్నది. తీసి ప్రవాహము చూచియుందునేని, ఏ పనియు చేయక ఊరక తిరుగుచున్నపుడే ఆ మోటారు నిండు పనికి తీసికొనవలసినంత కరెంటు తీసికొనుచున్న దని తెలిసెడిది. చూడలేదు. మధ్యాహ్నము భోజనము వేళకు వార్నీషు కాలిన వాసన వచ్చినది. పరుగెత్తి మీట తీయుసరికి పొగ వెలువడుచున్నది.

ఆ మోటారును సిటీ మార్కెటు సమీపమున రీవైండింగు పనిచేయు ఒక వృద్ధుని కడకు తీసికొనిపోతిమి. ఆయన హిందూపురము ప్రాంతమువాడు. మాటలో ముప్పాతిక తెలుగు, పాతిక కన్నడము. మూత విప్పి, మాడిన చుట్టలను వ్రేలితో తడవి చూచి, "మూడు ఫేజులూ ఒకే తీరుగా మాడినాయి సార్. ఒక ఫేజు పోయి ఉంటే ఇట్లుండదు. బేరింగు కూడా బాగానే ఉంది. మీరు కరెంటు ఏమిచ్చినారు?" అనెను. చెప్పితిని. ఆయన పలకను తుడిచి, 60 అను అంకెమీద గోటితో గీచి చూపి ఊరకుండెను. అంతకంటె ఏమియు అనలేదు. నేను చదివిన చదువంతయు ఆ గోటిగీత క్రింద దాగినది.

ఆయన చెప్పిన గుర్తు తల్లిదండ్రులు జ్ఞాపక ముంచుకొనదగినది. ఒక ఫేజు తెగి మోటారు రెండు ఫేజులమీద నడచి కాలినచో, చుట్టలలో కొన్ని భాగములు నల్లబడి కొన్ని భాగములు క్రొత్తవానివలె నిగనిగలాడుచుండును. అన్నియు సమానముగా మాడినచో మోయలేని బరువైనను కావలెను, పొందరాని వోల్టేజియైనను కావలెను. కాలిన మోటారును పారవేయుటకు ముందు ఒకసారి విప్పించి చూచినచో రెండవ మోటారు దక్కును.

మరి 60 హెర్ట్జుల యంత్రమునకు మార్గము లేవి? మొదటిది చెప్పియే యుంటిని: ట్రాన్స్‌ఫార్మరును 220కి గాక 183కు సమీపముగ చేయించుట. కుండ పొంగదు, మోటారు చల్లగ నుండును. వేగము మాత్రము ఆరింట అయిదు పాళ్ళగును, నాలుగు ధ్రువముల మోటారు నిమిషమునకు 1800 చుట్లకు బదులు 1500 చుట్ల మేర తిరుగును, 5 అశ్వబలము నాలుగుకు కొంచెము పైగా తగ్గును. అయితే యంత్రములోని తక్కిన భాగములు, అనగా రిలేలు, దీపములు, ఎలక్ట్రానిక్ పలకలు, పూర్తి వోల్టేజినే కోరవచ్చును. వానికి వేరు చిన్న ట్రాన్స్‌ఫార్మరు పెట్టవలసి యుండును. అందులోను కాంటాక్టరు చుట్టలకు ఈ కుండ లెక్కయే వర్తించును. 60 హెర్ట్జులకు మాత్రమే చేసిన కాంటాక్టరు చుట్టను తీసివేసి 50 హెర్ట్జులది వేయించుట చవక, క్షేమము.

అమెరికా మోటారులలో 230 / 460 అని రెండు వోల్టేజీలు వ్రాసి, తొమ్మిది తీగలు బయటకు తీసినవి తరచు కనబడును. ఇవి దొరకినవారు అదృష్టవంతులు. పెద్ద వోల్టేజికి కలిపినపుడు 460లో ఆరింట అయిదు పాళ్ళు 383. మన 400 వోల్టులకు అది చాల దగ్గర. మీ వాడలో మీటరు 400 లోపల చూపుచున్నచో ఆ మోటారు ట్రాన్స్‌ఫార్మరు లేకుండగనే నడచుట కద్దు; 415 దాటి చూపుచున్నచో మాత్రము వేడెక్కును, కొంచెము దింపుకొనవలయును. ఈ ఒక్క సంగతి తెలియక పెద్ద ట్రాన్స్‌ఫార్మరులకు డబ్బు పోసినవారిని నే నెరుగుదును.

పంపులు, గాలిమరలు కలిగిన యంత్రముల విషయమున ఒక మాట. వేగము ఆరింట అయిదు పాళ్ళయినపుడు గాలిమర ఇచ్చు గాలియు అయిదు పాళ్ళే. అది తీసికొను బలము మాత్రము దాదాపు అరువది పాళ్ళకు పడిపోవును. అందుచేత మోటారు సుఖముగ నుండును గాని, ఆ గాలిచే చల్లబడవలసిన వస్తువు సుఖముగ నుండకపోవచ్చును.

వేగము తగ్గరాదు, 60 హెర్ట్జులే కావలెను అనువారికి నేడు డ్రైవు అను ఎలక్ట్రానిక్ సాధనము గలదు. అది మన విద్యుత్తును ముందు ఏకముఖ విద్యుత్తుగా మార్చి, దానిని ముక్కలు ముక్కలుగా కోసి, కోరిన హెర్ట్జులలో మోటారున కిచ్చును. వోల్టేజిని కూడ హెర్ట్జులతోపాటు తానే సరిచూచును. 220 వోల్టుల మోటారునకు ముందు ట్రాన్స్‌ఫార్మరుతో 220కి దింపి, పిదప ఆ తరగతి డ్రైవును పెట్టుట మంచి పద్ధతి. కాని దీనియందు జనులు సామాన్యముగా చేయు పొరపాటొకటి గలదు. డ్రైవు మోటారుకొరకు చేసిన వస్తువు. దాని వెలుపలికి వచ్చు విద్యుత్తు వోల్టుమీటరునకు నునుపుగ కనబడినను, లోపల రంపపు పండ్లవలె కోసుకొని యుండును. దానితో యంత్రము మొత్తమునకు, అనగా కంప్యూటరు పలకలు, కంట్రోలు ట్రాన్స్‌ఫార్మరులతో సహా, విద్యుత్తు ఇచ్చినచో అవి చెడును. మొత్తము యంత్రమునకు 60 హెర్ట్జులు కావలెనన్నచో ఫిల్టరుతో కూడిన కన్వర్టరు కావలయును. లేదా పాత పద్ధతిగ మోటారు జనరేటరు జంట. పది ధ్రువముల మోటారు మన 50 హెర్ట్జులపై 600 చుట్లు తిరుగును. దానికి జోడించిన పండ్రెండు ధ్రువముల జనరేటరు ఆ 600 చుట్లకే 60 హెర్ట్జు లిచ్చును. పిల్లలు ఈ లెక్కను సరిచూచెదరు గాక. ఈ రెండును ఖరీదైనవి. చిన్న కార్ఖానాదారునకు యంత్రము కొన్న వెలకంటె దానిని మేపు వెల అధికమైన సందర్భములు లేకపోలేదు.

జపాను యంత్రముల సంగతి వేరు. ఆ దేశమున టోక్యోవారు 1895లో జర్మనీ యంత్రములను కొనిరి. అవి 50 హెర్ట్జులవి. ఒసాకావారు కొద్దికాలమునకే అమెరికా యంత్రములను కొనిరి. అవి 60 హెర్ట్జులవి. అన్నదమ్ములు చెరియొక పద్ధతి పట్టినట్లు, ఆ దేశము నేటికిని తూర్పున 50, పడమట 60గా చీలి యున్నది. 2011 మార్చిలో భూకంపము వచ్చి తూర్పుభాగమున విద్యుత్తు కరవైనపుడు, రెండింటిని కలుపు మార్పిడి కేంద్రముల శక్తి చాలక పడమటివారు కోరినంత సాయము చేయలేకపోయిరి. అయినను ఈ చీలిక మనకు మేలే చేసినది. రెండు ప్రాంతములలోను అమ్ముడు పోవలెనని జపాను కంపెనీలు తమ మోటారులను రెండింటికిని తగునట్లు చేయుదురు. పలకపై 200 వోల్టులు 50 హెర్ట్జు, 200 వోల్టులు 60 హెర్ట్జు, 220 వోల్టులు 60 హెర్ట్జు అని మూడు వరుస లుండును. మొదటి వరుస మనదే. దానికి 415 నుండి 200కు దింపు ట్రాన్స్‌ఫార్మరు చాలును. మూడవ వరుసలోని 220ని చూచి 220 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరు చేయించినవారు మాత్రము నా దారిలోనే నడచినవా రగుదురు.

బేకరీ నడుపువారికి శుభవార్త. ఓవెనులోని కాలు తీగలకు హెర్ట్జులతో పని లేదు; వోల్టులతోనే పని. అయితే అచట వోల్టేజి తగ్గిన నష్టము వర్గముగ వచ్చును: 480 వోల్టుల ఓవెనునకు 400 ఇచ్చినచో వేడి నూటికి డెబ్బదికి లోబడును, రొట్టె తెల్లగనే దిగును. అమెరికాలో 240 వోల్టులకు చేసిన త్రీ ఫేజు ఓవెనులలో తీగలను సామాన్యముగా డెల్టాగా, అనగా ముక్కోణముగా, కలిపి యుందురు. అట్టి దానిని విప్పి స్టారుగా, అనగా మూడు కొనలు ఒకచోట చేరునట్లు, కలిపినచో మన 415 వోల్టులలో ఒక్కొక్క తీగకు 240 వోల్టులే అందును. 400 ఉన్నచో 231. ట్రాన్స్‌ఫార్మరే అక్కరలేదు. ఓవెనులోని ఫ్యానును, కంట్రోలు భాగమును, కాంటాక్టరులను మాత్రము వేరుగ చూచుకొనవలెను. వానికి 415 వోల్టులు తగులరాదు. ఈ పనిని లైసెన్సు గల ఎలక్ట్రీషియనుచేతనే చేయింపుడు.

తక్కువ వోల్టేజి యనగానే సన్నని తీగ చాలుననియు, అపాయము తక్కువ యనియు పలువురు భ్రమపడుదురు. లెక్క వేరుగ చెప్పును. 15 కెవిఏ యంత్రము 415 వోల్టుల వైపున సుమారు 21 ఆంపియర్లు తీసికొనును. 200 వోల్టుల వైపున 43 ఆంపియర్లు. ట్రాన్స్‌ఫార్మరు దాటిన తీగ రెట్టింపు బరువు మోయవలయును. అపాయము మాట కొచ్చినచో, 200 వోల్టులు ప్రాణము తీయుటకు చాలినవే. ఒకే చుట్ట గల ఆటో ట్రాన్స్‌ఫార్మరు చవకయే గాని, అది ఇరువైపుల విద్యుత్తును వేరుచేయదు. రెండు చుట్టలు వేరువేరుగ గల ట్రాన్స్‌ఫార్మరు మేలు. దాని బయటి వైపు స్టారు కేంద్రమును తప్పక ఎర్తు చేయవలెను. అది చేయనిచో, యంత్రపు శరీరమునకు తీగ తగిలినను ఫ్యూజు పోదు. దోషము దాగి యుండును. కార్ఖానాకు బడి విడిచిన పిదప పిల్లలు వచ్చి కూర్చుండుట మన యిండ్లలో వాడుక. వారి చేయి ముందుగా తగులునది ఆ యంత్రపు శరీరమే. యంత్రము బలము మీకు మంజూరైన లోడును మించినచో బెస్కాం వారికి ముందుగనే దరఖాస్తు పెట్టుకొనుటయు మరువరాదు.

కొనుటకు ముందు అమ్మువానిని అడుగవలసినది నేమ్ ప్లేటు ఫోటో. మోటారుది వేరు, యంత్రముది వేరు, రెండును అడుగుడు. లోపలి కంట్రోలు పెట్టె తలుపున అంటించిన వైరింగు పటము దొరకినచో ఇంకను మేలు. ఫోటో పంపుటకు సంకోచించువాని కడ బేరము మానుకొనుటయే మంచిదని నా అభిప్రాయము.

ఆ లేతు ఏమైనదని అడుగుదురేమో. ఆ వృద్ధుడు మాడిన చుట్టలలోని చుట్ల సంఖ్యను లెక్కించి, 415ను 50 చేతను, 220ని 60 చేతను భాగించి, మొదటిది రెండవ దానికి రెండుంబాతిక రెట్లని సుద్దముక్కతో గోడమీద వ్రాసి, అన్ని రెట్లు చుట్లు పెంచి, సన్నని తీగతో మోటారును మరల చుట్టెను. ట్రాన్స్‌ఫార్మరు అవసరము తీరినది. దానిని నేనే తిరిగి కొంటిని. తగ్గిన వేగమునకు మోటారు కప్పీని అయిదు అంగుళములనుండి ఆరు అంగుళములకు మార్చితిమి. బలము పెరుగలేదు గనుక, లోతు కోతలు కోయవద్దని యజమానికి చెప్పితిని, ఆయన మన్నించెను. పాత పలకను ఊడదీయక, దాని ప్రక్కనే 415 వోల్టులు, 50 హెర్ట్జు అని ఉలితో కొట్టిన చిన్న యిత్తడి రేకును ఆ వృద్ధుడు తన చేతితోనే బిగించి యిచ్చెను.